మూడో వరసలో వెల్డక్క

తుల్సా, ఓక్లహోమా
1974 మార్చి 9

వెల్డక్కా,

నువ్వు అమరిల్లోలో బస్సు దిగి ఇవాళ్టికి ఏడు వారాలు. ఓటిస్ ఇప్పటికీ నీ సీటులో ఎవర్నీ కూర్చోనివ్వడం లేదు. స్టీల్ గిటారు రేమండ్ మొన్న దాని మీద తన చొక్కాలు ఆరేస్తే, బస్సు పక్కకి ఆపి మరీ "అది అమ్మగారి సీటు, తియ్" అన్నాడు. "దిగిపోయిన అమ్మగారికి సీటెందుకయ్యా, నువ్వు డ్రైవరువా పూజారివా?" అని రేమండ్. ఆ తర్వాత వంద మైళ్ళు ఇద్దరికీ మాటల్లేవు. నాకు మాత్రం భలే కాలక్షేపం.

పోస్టర్ల మీద ఇంకా "వెల్డా, హోబర్ట్ కాడిల్" అనే ఉంది. నేను ప్రతి ఊళ్ళో మైకు ముందుకొచ్చి మా అక్కకి మోకాళ్ళు బాగోలేవని చెప్పడం, వాళ్ళు అయ్యో అనడం. నువ్వు పాడే వరస రాగానే నేను నోరు మూసుకుంటాను, వాద్యాలు మాత్రం మోగుతుంటాయి. అదేదో గొప్ప పద్ధతనుకుని కొన్ని ఊళ్ళలో చప్పట్లు కూడా కొడుతున్నారు.

మోకాళ్ళ సంగతి నేను నమ్మానా లేదా అన్నది అలా ఉంచు. అమరిల్లోలో నువ్వు తప్పి, చరణం ముందే అందుకున్నావు. నేను నవ్వాను. నన్ను చూసి జనం నవ్వారు. పదమూడేళ్ళు కలిసి పాడినవాళ్ళం, ఆమాత్రానికే పెట్టె సర్దుకుంటావా? నేను తప్పిన రోజుల్లో నువ్వు నవ్వలేదా? ఫోను తొమ్మిదిసార్లు చేశాను. మోగుతూనే ఉంటుంది. ఇంట్లోనే ఉండి తియ్యడం లేదని నాకు తెలుసు.

పోనీ, పని మాట. ఇందులో ఒక క్యాసెట్ పెడుతున్నాను. కొత్త రాగం. బస్సులో కట్టాను, వెనక ఇంజను మోత కూడా వినపడుతుంది, పట్టించుకోకు. విచిటా ఫాల్స్ మోటెల్లో మనం చెత్తబుట్టలో పడేసిన పాట కాగితాన్ని మర్చిపోయామనుకుని, చెప్పులైనా లేకుండా బస్సు వెనకాల పరిగెత్తుకొచ్చిందే ఆ పనిమనిషి, ఆమె మీద రాద్దామన్నావు కదా. ఈ రాగం ఆమెకి సరిపోతుంది. నాకు రాగం కట్టడం వచ్చు గాని, అందులో ఏం పెట్టాలో తెలియదు. అది చిన్నప్పట్నుంచీ నీ పనే.

నవ్వినందుకు తప్పయింది, సరేనా?

హోబీ


లారెల్ ఫోర్క్, కెంటకీ
మార్చి 21

ఒరే హోబీ,

ఫోను తీయించేశాను. నాకెవరు చేస్తారురా, వాక్యూమ్ క్లీనర్లు అమ్మేవాడు తప్ప. ఏమైనా ఉంటే ఉత్తరం రాయి, నీ దస్తూరి కాస్త బాగుపడుతుంది.

చొక్కాల ఫ్యాక్టరీలో చేరాను. కాలర్లు కుడతాను. ఆ మిషన్ల మోతకి ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు, అంతా చేతి సైగలే. నా ప్రాణానికి హాయిగా ఉంది. పక్కింటి ఐనెజ్ రోజూ మొక్కజొన్న రొట్టె పట్టుకొచ్చి, గుమ్మంలో నిలబడి గంటసేపు వాళ్ళ కోడలి గురించి చెబుతుంది. నేను తలూపుతుంటాను. "నీలాగా వినేవాళ్ళు ఈ ఊళ్ళో లేరే వెల్డా" అని మొన్న నా చెయ్యి పట్టుకుంది.

నువ్వు నవ్వినందుకు నేను దిగలేదు. ఆ మాట ఇక ఎత్తకు. రోడ్డు మొహం మొత్తింది, అంతే. ఏ ఊళ్ళో నిద్ర లేచానో మోటెల్ గది తలుపు వెనక అంటించిన కాగితం చూసి తెలుసుకునే బతుకు ఎన్నాళ్ళు?

నీ క్యాసెట్ విన్నాను. మూడుసార్లు. చాలా బాగుందిరా. రెండో భాగంలో కిందికి ఒక దిగుడు ఉంది చూడు, అక్కడ నాకు కళ్ళనీళ్ళాగలేదు. మాటలు రాశాను:

నువ్వు లేచి వెళ్ళిన పక్క నేను సర్దుతాను,
నీ ఊరేదో తెలియదు, నీ పేరేదో తెలియదు,
దిండు మీద నీ తల చేసిన పల్లం తెలుసు,
చేత్తో తట్టి దాన్నీ చెరిపేస్తాను.

వెనక్కి తిరిగి చూడకు, చూడ్డానికేం లేదు,
పదకొండింటికి ఈ గదిలో ఇంకెవరో ఉంటారు.

మిగతా రెండు చరణాలు వేరే కాగితం మీద ఉన్నాయి. ఒక్క మాట కూడా మార్చకు. ఆమె అందగత్తె కాదు, ఎవరి కోసమూ ఎదురుచూడటం లేదు. పని చేసుకుంటోంది. అదే పాట.

ఓటిస్‌కి చెప్పు, ఆ సీటులో చొక్కాలు ఆరేసుకోనివ్వమని.

వెల్డా


స్ప్రింగ్‌ఫీల్డ్, మిస్సోరి
ఏప్రిల్ 7

అక్కా,

ఇవాళ కోటు జేబులో చెయ్యి పెడితే ఏం దొరికిందో చెప్పుకో. నీకు పంపాననుకున్న క్యాసెట్!

మరి నీకు వెళ్ళిందేమిటా అని చూస్తే, ఓటిస్ నెల రోజులుగా తన క్యాసెట్ ఒకటి పోయిందని సీట్ల కింద దూరి వెతుకుతున్నాడు. ఆర్కన్సాలో వాళ్ళ పాస్టరు చెప్పిన ప్రసంగం. నరకాగ్ని మీద, నలభై నిమిషాలు. నువ్వు మూడుసార్లు విన్నది అదీ! ఏ దిగుడు దగ్గర ఏడ్చావక్కా? పాపులు అగ్నిగుండంలోకి దిగే దిగుడు దగ్గరా?

నీ ఉత్తరం బస్సులో పైకి చదివితే రేమండ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "వెల్డమ్మకి రక్షణ దొరికింది" అన్నాడు ఓటిస్. నేనూ నవ్వాను. ఆ తర్వాత కూర్చుని ఆలోచిస్తే నవ్వు రాలేదు. అది మీట నొక్కి ఒక్క నిమిషమైనా వినలేదు నువ్వు. వినకుండానే బాగుందన్నావు, ఏడ్చానన్నావు. నాకు అబద్ధం చెప్పాల్సిన అవసరం ఏమొచ్చింది? నా రాగాలు అంత చేదయ్యాయా?

మాటలు మాత్రం... ఏం చెప్పను. రెండు చోట్ల కాస్త సాగదీస్తే రాగం మీద చక్కగా కూర్చున్నాయి. వినకుండా ఎలా కుదిరిందో నీకే తెలియాలి.

మే 11 శనివారం నాక్స్‌విల్‌లో పాడుతున్నాం. నీకు దగ్గరే కదా. టికెట్ పెడుతున్నాను, మూడో వరస మధ్యలో. ఈ పాట నీ ఎదుట పాడతాను, అప్పుడైనా వింటావు. రాకపోతే ఇక నేనేమీ అడగను.

హోబర్ట్


లారెల్ ఫోర్క్
ఏప్రిల్ 16

హోబీ,

తప్పు నాది. పని నుంచి వచ్చి పడుకోవడమే సరిపోతోంది, క్యాసెట్ వినలేదు. నీ మనసు కష్టపెట్టకూడదని అలా రాశాను. నన్ను సోమరిదనుకో, అబద్ధాలకోరనుకో, ఏదైనా అనుకో. నీ రాగాలు చేదని మాత్రం అనుకోకు.

నాక్స్‌విల్‌కి వస్తాను. ఆకుపచ్చ టోపీ పెట్టుకుంటాను, కనబడతానులే.

వెల్డా


లారెల్ ఫోర్క్
మే 12

హోబీ,

నిన్నటి బస్సులోనే తిరిగి వచ్చేశాను. లూయివిల్ మీ తర్వాతి ఊరని టికెట్ వెనక ఉంది, అక్కడి హాలు చిరునామాకే ఇది రాస్తున్నాను.

బాగా పాడారని చుట్టుపక్కల వాళ్ళ మొహాలు చూస్తేనే తెలిసింది. నువ్వు సన్నబడ్డావు. నీకా నీలం కోటు నప్పలేదు.

ఒక్క మాట అడుగుతాను, కోపగించుకోకు. గంటసేపు చూశాను. నా పేరు ఒక్కసారైనా తలుస్తావేమో అని. పదమూడేళ్ళు నీ పక్కన నిలబడిన మనిషిని, మూడో వరసలో ఉన్నాను కదా, మా అక్క వచ్చిందండీ అంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా? పైగా ఎక్కడి నుంచో పెద్ద లైటు తెచ్చి నా కళ్ళల్లోకే కొట్టారు. ఇక స్టేజీ మీద ఏమీ కనబడలేదు, నీ మొహం కూడా. ముందు వరసల వాళ్ళంతా వెనక్కి తిరిగి నన్నే చూస్తున్నారు, పాత గౌను వేసుకొచ్చానని కాబోలు. పక్కనావిడ నా మోచెయ్యి పట్టుకుని లాగింది. టోపీ వెనక వాళ్ళకి అడ్డమొస్తోందేమో అనుకుని తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. తలదించుకుని కూర్చున్నాను. విరామం రాగానే వెళ్ళిపోయాను.

రమ్మన్నది నువ్వే కదరా. ఇంతదూరం రప్పించి పరాయిదానిలా కూర్చోబెట్టడానికా?

మీ అక్క


నాక్స్‌విల్, టెనెస్సీ
మే 12

వెల్డా,

నిన్ను అక్కా అని పిలవబుద్ధి కావడం లేదు.

మూడుసార్లు పిలిచాను. పధ్నాలుగు వందల మంది ముందు, మూడుసార్లు! "ఈ పాట రాసింది మా అక్క, ఆవిడ ఇక్కడే ఉంది, వెల్డక్కా, ఒక్కసారి పైకి రా" అన్నాను. లైటువాడితో ముందే చెప్పి లైటు నీ మీద వేయించాను. జనం లేచి చప్పట్లు కొట్టారు. మూడోసారి వాద్యాలన్నీ ఆపించి పిలిచాను. హాలంతా సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. నువ్వేం చేశావు? తాపీగా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని తల దించుకున్నావు.

నేను ఏదో నవ్వులాట చేసి, నీ పాట పాడకుండానే వదిలేసి తర్వాతిది అందుకున్నాను. మొదటి వరసకే మాటలు మర్చిపోయాను. రేమండ్ ఆ వరసంతా గిటారుతో నింపాడు. విరామంలో నీ కోసం బయటికి పరిగెత్తితే సీటు ఖాళీ.

ఎంత కోపముంటే మాత్రం, అంతమంది ముందు? నవ్వినందుకు శిక్ష అయితే తీరిపోయింది, సంతోషించు. నాష్‌విల్‌లో డెల్మర్ ప్రాథర్ అనే కుర్ర రచయిత ఉన్నాడు, నా కోసం రాస్తానని ఏడాదిగా వెంటపడుతున్నాడు. ఆ రాగం అతనికి ఇస్తున్నాను. నీ మాటలు నీ దగ్గరే ఉంచుకో. ఇక రాయకు.

హోబర్ట్ కాడిల్


లారెల్ ఫోర్క్
మే 17

హోబీ,

నువ్వు పిలిచావని ఇప్పుడే తెలిసింది. పాట నీ ఇష్టం.

వెల్డా


సెడేలియా, మిస్సోరి
ఆగస్టు 4

అక్కా,

నువ్వు మే నెల పన్నెండున రాసిన ఉత్తరం నిన్న నా చేతికొచ్చింది. లూయివిల్ కార్యక్రమం రద్దయింది. నీ కవరు మా వెనకాలే ఊరూరా తిరిగింది. దాని మీద ఏడు ఊళ్ళ ముద్రలున్నాయి. దాని తర్వాత రాసిన నీ రెండు ముక్కలు మాత్రం నాష్‌విల్ ఆఫీసు నుంచి వారంలోనే అందాయి. "ఇప్పుడే తెలిసింది" అన్నావు. వెటకారం అనుకున్నాను. ఆ కాగితం చింపి పారేసి, ఆ రోజే డెల్మర్ దగ్గరికి వెళ్ళాను.

నిన్న బస్సు మెట్టు మీద కూర్చుని ఈ పాత ఉత్తరం చదివాను. మళ్ళీ చదివాను. లైటు కళ్ళల్లో పడి నా మొహం కనబడలేదన్నావు. పేరు తలవలేదన్నావు. మూడుసార్లు అరిచాను కదక్కా. లోపలికి వెళ్ళి ఓటిస్‌కి ఇచ్చాను. చదివి కళ్ళద్దాలు తీసి, "హోబర్ట్, పోయిన ఏడాదంతా నేను వెనక నుంచి పిలిస్తే అమ్మగారు పలకలేదు. నా మీద కోపమనుకున్నాను" అన్నాడు. రేమండ్ ఆ కాగితం తనూ చదివి, "ఎడమవైపు నిలబడేది కదా, నా స్పీకరు డబ్బా పక్కనే" అన్నాడు.

నీకు వినపడటం లేదా అక్కా?

ఎప్పట్నుంచి? ఫోను అందుకేనా తీయించావు? క్యాసెట్ అందుకేనా? అమరిల్లోలో ముందే అందుకున్నది అందుకేనా? నేను నవ్వానే! మైకు ముందు నిలబడి, "మా అక్కకి ఇంటికెళ్ళే తొందర" అన్నానే!

కుడివైపు మైకు నాకు కావాలని పట్టుబట్టింది నేను. నా ఎడమ చెంప మీద ముళ్ళకంచె గీసుకున్న మచ్చ ఫోటోల్లో పడకూడదని. ఆ మోత భరించలేకపోతున్నాను, చోటు మార్చుకుందాం అని నువ్వు ఎన్నిసార్లు అడిగావు? ముసలమ్మలా సణుగుతావేం అన్నాను. ఒక్కసారి కాదు.

డెల్మర్ మాటలతో రికార్డు వచ్చేసింది. ఆపమని నిన్న రికార్డు కంపెనీకి ఫోను చేశాను. ఇప్పుడేం ఆపుతాం, దేశమంతా వెళ్ళిపోయింది అన్నారు. రేడియోలో రోజూ వేస్తున్నారు. నా జీవితంలో ఏ పాటా ఇంతలా మోగలేదు. నీ పేరు దాని మీద ఎక్కడా లేదు.

కాదని రాయి. నేను తప్పుగా అనుకున్నానని రాయి.

హోబీ


లారెల్ ఫోర్క్
ఆగస్టు 13

నా పిచ్చి హోబీ,

కాదని రాద్దామని కూర్చున్నాను. రెండు కాగితాలు పాడుచేశాను. ఇక అబద్ధం ఆడే ఓపిక లేదు.

ఎడమ చెవి డెబ్బై ఒకటిలోనే పోయింది. కుడిది పోయిన ఏడాది ఎండల్లో మొదలైంది. నీ పెదాలు చూసి, రేమండ్ చెయ్యి చూసి, నేలమీద కాలికి తగిలే డోలు దెబ్బ పట్టుకుని ఎనిమిది నెలలు పాడాను. నాకే ఆశ్చర్యం. అమరిల్లోలో నువ్వు మొహం పక్కకి తిప్పుకున్నావు, నాకు దారి తప్పింది. తలెత్తి చూస్తే నువ్వు నవ్వుతున్నావు, జనం నవ్వుతున్నారు. చప్పుడు మాత్రం లేదు. ఇంతమంది నోళ్ళు తెరిచి ఉన్నాయి, ఒక్క చప్పుడూ లేదు. ఇక చాలనుకున్నాను.

ఎందుకు చెప్పలేదంటావు. లెక్సింగ్టన్‌లో డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు, మోత వల్ల కావచ్చు, వంశంలో ఉండి ఉండవచ్చు, రెండూ కావచ్చు అని. అమ్మమ్మకి ముప్పై ఐదేళ్ళకే వినపడేది కాదు, నీకు గుర్తుండదు. ఏది అనుకుంటే నీకు నిద్ర పడుతుందో అది అనుకో. నేను చెబితే మాత్రం నువ్వు ఆ మొదటిదే పట్టుకుంటావని తెలుసు. పట్టుకుని పాడటం మానేస్తావు. అప్పుడు ఇద్దరి నోళ్ళూ మూతపడతాయి.

అదొక్కటే కాదులే, నిజం చెప్పాలి. నాకు గర్వం. అయ్యో పాపం వెల్డా అని నలుగురూ అనడం నేను పడలేను. ఆ గర్వం కోసం నిన్ను అంతమంది ముందు అక్క చేత చీత్కారం పడ్డ తమ్ముడిలా నిలబెట్టాను. నీ ఉత్తరం అందిన రోజే చెప్పేయవలసింది. "పిలిచావని ఇప్పుడే తెలిసింది" అని రాసి, దాంట్లోనే అంతా అర్థం చేసుకుంటావనుకున్నాను. చెప్పకుండా అర్థం చేసుకోమనడం నా తప్పు. ఆ ఒక్క వాక్యం కింద ఇంకొకటి రాసి ఉంటే రికార్డు రాకపోయేది.

ఆ రికార్డు మాటకొస్తే, నాకు కోపం ఉంది. దాచను. ఫ్యాక్టరీలో పిల్లలు నా ఎదురుగా వచ్చి "మీ తమ్ముడి పాట!" అని నోరు పెద్దగా తెరిచి చెబుతున్నారు. ఐనెజ్‌కి నా సంగతి చెప్పేశాను. ముందు ఏడ్చింది, తర్వాత "అయితే మా కోడలి గురించి నేను చెప్పిందేదీ నీకు తెలియదా? మళ్ళీ మొదట్నుంచి చెప్పాలా?" అని కాగితం అందుకుంది. ఐనెజ్‌నే రేడియో దగ్గర కూర్చోబెట్టి ఆ పాట మాటలు రాయించాను. దిండు మీద అత్తరు వాసనట. నువ్వు తిరిగొచ్చేదాకా కిటికీ దగ్గర నిలబడతానంటుందట. హోబీ, ఆమె కిటికీ దగ్గర నిలబడిందా? మన కాగితం పట్టుకుని ఉత్తి కాళ్ళతో కంకర మీద పరిగెత్తింది. ఆయాసంతో మాట రాక, కాగితం నా చేతిలో కుక్కి వెళ్ళిపోయింది, ఇంకా ఆరు గదులు తుడవాలని. ఆమెని తీసుకెళ్ళి ఎవడో తాగుబోతు కోసం ఏడిపించారు. నా పేరు లేనందుకు కాదు. దానికి.

రాకు. రావాలనిపిస్తే వచ్చి ఒక పూట ఉండి వెళ్ళు. నా ముందు క్షమాపణలు చెప్పబోకు, నీ పెదాలు వణికితే నాకేమీ అర్థం కాదు.

వెల్డక్క


నార్త్ ప్లాట్, నెబ్రాస్కా
నవంబరు 24

వెల్డక్కా,

సెప్టెంబరులో నీ దగ్గర ఉన్న రెండు రోజులూ నేను రాసిన కాగితాలు నువ్వు పొయ్యిలో పడేశావో దాచావో తెలియదు. మూడోసారి "క్షమించు" అని రాయబోతే నా చేతి మీద చెయ్యి వేసి ఆపావు. "బీన్స్ చల్లారిపోతున్నాయి, తిను" అన్నావు. నీ గొంతు మారిందక్కా. కాస్త ఎత్తుగా, చదునుగా వస్తోంది. నీకు చెప్పాలా వద్దా అని దారంతా ఆలోచించాను. ఇప్పుడు చెబుతున్నాను. దాచడాలు ఇక వద్దు మనకి.

బస్సెక్కమంటే వద్దన్నావు. కొత్త పాట రాయమంటే, "ఎలా ఉందో నాకు తెలియని దానికి నేను మాటలు కుట్టను" అన్నావు.

డెల్మర్ పాట అన్నిచోట్లా అడుగుతున్నారు. పాడాల్సి వస్తోంది. రికార్డు కంపెనీతో రాసుకున్న కాగితం మీద సంతకం చేశాను కదా. పాడిన ప్రతిసారీ మా అక్క రాసిన మాటలు వేరే ఉన్నాయని చెబుదామనుకుంటాను. అప్పటికే వాళ్ళు ఈలలు వేస్తుంటారు. తర్వాతి పాట అందుకుంటాను.

ఇవాళ ఆదివారం మధ్యాహ్నం ఆట. పొద్దున్నుంచీ మంచు. ఆరువందల మంది పట్టే హాలుకి నలభై మంది వచ్చారు, కోట్లు కూడా విప్పకుండా కూర్చున్నారు. బస్సు కదలక కార్లలో బయల్దేరాం, రేమండ్ వాళ్ళది దారిలో ఇరుక్కుంది. నేను గిటారు పట్టుకుని ఒక్కడినే వెళ్ళాను. రేడియో పాట అడిగారు. "దానికి అసలు మాటలు వేరే ఉన్నాయండీ, అవి వింటారా?" అన్నాను. పాడాను. నువ్వు రాసింది రాసినట్టు, మూడు చరణాలూ, ఒక్క మాట మార్చకుండా.

అయ్యాక చప్పట్లు వెంటనే రాలేదు. వచ్చినప్పుడు కూడా గట్టిగా ఏమీ రాలేదు. కొందరు అదేమిటన్నట్టు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. రేడియో పాటే బాగుందని ఒకాయన పైకే అన్నాడు.

సామాను సర్దుకుంటుంటే ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, చేతులు పగిలి ఎర్రగా ఉన్నాయి. రైల్వే వాళ్ళ బసలో పక్కలు సర్దుతుందట. "ఆ రికార్డు ఎక్కడ దొరుకుతుంది?" అంది. ఎక్కడా దొరకదమ్మా అన్నాను. "అదేం? వెయ్యలేదా?" వెయ్యలేదు, నా వల్లే పోయింది అన్నాను. ఆవిడ ఎందుకని అడగలేదు. "అయితే కూర్చో. నేర్పు" అంది.

ఖాళీ హాల్లో ముందు వరసలో కూర్చున్నాం. కాగితం తీసుకోలేదు, చదవడం సరిగ్గా రాదట. ఒక్కో వరస నేను పాడటం, ఆవిడ అందుకోవడం. రెండో భాగంలో దిగుడు దగ్గర రెండుసార్లు తప్పింది, నవ్వుకుంది, మళ్ళీ పట్టుకుంది. నాలుగోసారికి మొత్తం వచ్చేసింది. నా చెయ్యి ఊపి, మెడకి గుడ్డ చుట్టుకుని, మంచులోకి పాడుకుంటూ వెళ్ళిపోయింది. పేరైనా అడగలేదు నేను.

మాటలూ రాగమూ రెండూ కలిపి ఆ పాట తెలిసినవాళ్ళం లోకంలో ఇప్పుడు ఇద్దరం ఉన్నాం అక్కా. ఆ రెండో మనిషివి నువ్వు కావలసింది.

నీ తమ్ముడు
హోబీ